మెట్టలో మూడు గుట్టలు, ఒక్క రోజు: నెల్లూరు నుంచి సాగే కొండ నడకపై నా అనుభవం

నా పుట్టిల్లు ఉదయగిరి వైపు. పెళ్ళై నెల్లూరుకు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా ఎన్నిసార్లు పోయి వచ్చానో లెక్క లేదు గాని, బస్సు కిటికీలోంచి రెండు పక్కలా కనబడే బోడి గుట్టల్లో ఒక్కదాని మీద కూడా ఏనాడూ కాలు పెట్టలేదు. మా వైపు కొండ ఎక్కడమంటే దేవుడి కోసం ఎక్కడమే. గుడి లేని గుట్టను మేకలకూ, కట్టెలు కొట్టుకునేవాళ్ళకూ వదిలేశాం. అందుకే, మెట్ట ప్రాంతంలోని మూడు చిన్న కొండలను ఒకే రోజున ఎక్కించి తీసుకొస్తామని నెల్లూరులోని ఒక చిన్న బృందం ప్రకటించగానే, సంక్రాంతి వెళ్ళిన రెండో ఆదివారానికి నాకూ, మా చెల్లెలి కొడుక్కూ కలిపి డబ్బు కట్టేశాను. మనిషికి 1,400 రూపాయలు. అందులోనే వ్యాను, పొద్దుటి టిఫిను, మధ్యాహ్న భోజనం, నీళ్ళు, చేతికర్ర, దారి చూపే మనిషి అన్నీ ఉంటాయనీ, సాయంత్రం గుహాలయాలున్న భైరవకోన కూడా చూపిస్తామనీ చెప్పారు. వెళ్ళాలనుకునేవారికి పనికొస్తుందని, ఆ రోజు బాగున్నదేదో, బాగులేనిదేదో ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కాలం సంగతి. నెల్లూరు జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తిరుగు రుతుపవనాలతోనూ తుఫానులతోనూ వస్తాయి. కాబట్టి సంక్రాంతి నాటికి గుట్టల మీద గడ్డి పండి ఉంటుంది, బండల గుంటల్లో కాస్త నీరు మిగిలి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. శివరాత్రి దాటితే ఈ నడక పెట్టుకోకూడదు. మెట్ట ప్రాంతం ఇసుక దిబ్బల ఎడారి కాదు గాని, నీడ లేని రాతి నేల మీద ఎండ ఎడారిలో చేసే పనే చేస్తుంది. ఈ బృందం డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకే నడకలు పెట్టి, ఆ తర్వాత ఎంతమంది అడిగినా ఒప్పుకోకపోవడం నాకు నచ్చిన మొదటి విషయం.

తెల్లవారుజామున 5 గంటలకు నెల్లూరులో బయలుదేరి, ఊరికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న నరసింహకొండ చేరాం. ఇది మాకు తెలిసిన కొండే. సప్తర్షులు తపస్సు చేశారని స్థలపురాణం చెప్పే వేదగిరి ఇదే. వాహనాలు పైకి పోయే దారి ఉన్నా మమ్మల్ని మెట్ల మీదుగా నడిపించారు. పైనుంచి చూస్తే కింద పెన్న ఇసుక మేటలు, వాటి నడుమ నీటి పాయలు, అవతలి ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి కనబడ్డాయి. కాళ్ళు సాగదీసుకోవడానికీ, ఎవరి ఆయాసం ఎంతో దారి చూపే మనిషికి తెలియడానికీ ఈ కొండ సరిపోతుంది. మొదటి ఎక్కుడుగా దీన్ని పెట్టడం తెలివైన పని. ఇక్కడ గంటన్నర గడిపాం.

అసలు విషయం ఆత్మకూరు దాటాక మొదలైంది. డాంబరు రోడ్డు వదిలి డొంక పట్టి కొంత దూరం పోయాక ఒక గుట్ట కింద వ్యాను ఆపారు. ఆ గుట్టకు పటంలో పేరు లేదు. కింది పల్లెవాళ్ళు పెద్దబోడు అంటారట. ఎత్తు ఇరవై అంతస్తుల మేడంత ఉంటుందేమో. దారి అంటూ ఏమీ లేదు, మేకలు తొక్కిన జాడ తప్ప. మాకు దారి చూపిన మనిషికి అరవై ఏళ్ళుంటాయి, చిన్నతనమంతా ఆ గుట్టల చుట్టూనే మేకలు కాసినవాడు. బృందంలోని కుర్రవాళ్ళు ఆయన్ను పెద్దాయన అనే పిలుస్తారు కనుక మేమూ అలాగే పిలిచాం. కింద నిలబెట్టి అందరి చెప్పులూ, బూట్లూ ఒకసారి చూసి, అరికాలు నున్నగా అరిగిపోయిన ఇద్దరిని వేరుచేసి తన వెనకే నడవమన్నాడు. తర్వాత, "ఎదురుగా ఎక్కబాకండి, అడ్డం పట్టి ఎక్కండి. మేక ఎట్టా ఎక్కద్దో చూడండి, మనమూ అట్నే ఎక్కాల" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా మోకాళ్ళ భయం సగం పోయింది. నిటారుగా ఎక్కితే పది అడుగులకే ఊపిరి అందని చోట, ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి మళ్ళుతూ పోతే మాట్లాడుకుంటూనే పైకి చేరగలిగాం.

ఈ గుట్ట మీద పెద్దాయన చూపించినవి డబ్బు పెట్టి ఇంకెక్కడా కొనలేనివి. ఒకచోట ఆగి, నున్నటి బండ మీద చేతికర్రతో తట్టాడు. గట్టి చప్పుడు వచ్చింది. రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ తట్టాడు. ఈసారి డొల్లగా, కుండ మీద తట్టినట్టు మోగింది. అక్కడ పైపొర కింది బండ నుంచి విడిపోయి ఉందన్నమాట. కోట్ల ఏళ్ళు భూమి లోపల బరువు కింద ఉన్న రాయి, పైనున్న నేల కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి ఉల్లిపాయ పొరల్లాగా విచ్చుకుంటుందనీ, మెట్టలోని గుట్టలు అందుకే బోడిగా, గుండ్రంగా ఉంటాయనీ నేను బడిలో పిల్లలకు చెప్పినదాన్నే. అయినా ఆ విడిన పొర చప్పుడు చెవులతో విన్నది మాత్రం ఆ రోజే. మా వాడు అలాంటి పొర అంచు మీదే అడుగు వేయబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "దాని మీద కాలెయ్యబాక అబ్బయ్యా, అది ఊగద్ది" అన్నాడు. ఆ ముక్క నిజంగానే ఊగింది.

ఇంకొంచెం పైన పలుగురాళ్ళ చార ఒకటి ఉంది. అక్కడ చేతులు ఆనించి ఎక్కవలసి వచ్చింది. పైకి చేరి చూసుకుంటే అరచేతులు రెండూ మెరుస్తున్నాయి. అది అభ్రకం, మా చిన్నప్పుడు కాకిబంగారం అని ఏరుకుని పలకల సంచిలో దాచుకున్నదే. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి మేరకు నేల కింద సాగే ఈ అభ్రకపు పట్టీ వల్లనే నెల్లూరు పేరు ఒకప్పుడు విదేశాల దాకా పోయింది. వేడికీ, విద్యుత్తుకూ చెక్కుచెదరదు కనుక దాన్ని ఇస్త్రీ పెట్టెల లోపల పొరగా వాడేవారు. వేలి కొసన అంటుకున్న ఒక రేకును మా వాడు గోటితో చీల్చితే రెండైంది. ఒకదాన్ని మళ్ళీ చీల్చితే ఇంకో రెండైంది. నాలుగోసారి చీల్చిన రేకు ఊపిరికి ఎగిరిపోయింది.

చెట్లు ఎక్కువ లేవు. ఉన్నవన్నీ ముళ్ళవే: రేగు, నాగజెముడు, బొమ్మజెముడు, చండ్ర, కలివి. "బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అన్న సామెత మా వాడికి నోటికి వచ్చు గాని, బలుసు మొక్క ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. పెద్దాయన ఒక కొమ్మ వంచి చూపించి, కరువు రోజుల్లో తన తల్లి దాన్ని పప్పులో ఎట్లా వండిందో చెప్పాడు. కలివి పొదల దగ్గర నేను ఒక మాట కలిపాను. ఈ పొదల పేరనే పిలిచే కలివికోడిని జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు మన నెల్లూరు, కడప సరిహద్దు కొండల నుంచే 1848లో లోకానికి తెలియజెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ కనబడింది. అది రాత్రిపూట తిరిగే పక్షి, పగలు మాకు కనబడే ప్రశ్న లేదు. అయినా ఆ మాట విన్నాక అందరూ పొదల పక్కన అడుగుల చప్పుడు తగ్గించి నడవడం చూసి నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

గుట్ట నెత్తిన, బండలోనే మంచమంత గుంట ఒకటి ఉంది. మా వైపు దాన్ని దొన అంటారు. వాన నీరు నిలిచిన చోట రాయి ఏడాదికేడాది మెత్తబడి, రేణువులుగా రాలి, పల్లం ఇంకాస్త లోతవుతూ ఏర్పడే గుంట అది. అందులో జానెడు నీళ్ళున్నాయి. రాయి తడి ఆరుతున్న అంచు వెంబడే తేనెటీగలు వరసగా వాలి, ఒక్కటీ నీళ్ళలోకి దిగకుండా తడినే పీల్చుకుంటున్నాయి. ఒక పక్క మేక గిట్టల బురద ముద్రలు ఎండి గట్టిపడి ఉన్నాయి. బృందంలో ఒకాయన ముఖం కడుక్కోవడానికి ముందుకు వంగితే పెద్దాయన, "వద్దు సార్, జీవాలు తాగే నీళ్ళు. చుట్టుపక్కల ఇదే ఉండాది" అని మెల్లగా ఆపి, మా అందరినీ దొనకు ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ కాగితం ఒక్కటి కూడా పైన వదలనివ్వలేదు. అరగంట కూర్చున్నాం. పడమర వెలిగొండలు నీలంగా గోడ కట్టినట్టు కనబడుతున్నాయి, వాటి అవతల కడప. గాలి, మేకల మెడలోని గంటలు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఈ నడకకు నేను పెట్టిన డబ్బుకు విలువ ఈ ఒక్క గుట్ట మీదే దక్కింది.

ఇక లోపాలు. ఇవి చిన్నవి కావు కనుక వివరంగానే చెప్పాలి.

మొదటిది సమయం. నరసింహకొండ దిగాక దారిలో పులిబొంగరాలు, ఎర్రకారంతో టిఫిను పెట్టారు. రుచి చాలా బాగుంది, కాని అవి వేసి ఇచ్చేసరికి ముప్పావు గంట పోయింది. గుట్ట మీద ఎంతసేపు కూర్చోవాలో ఎవరూ ముందు అనుకోలేదు. నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉదయగిరికి 11 గంటలకు చేరవలసినవాళ్ళం ఒంటిగంట దాటాక చేరాం. నీడలో కూర్చోబెట్టి పెట్టిన పులిహోర, దద్దోజనం, కొత్త చింతకాయ పచ్చడి కడుపు నింపాయి. అయితే తిన్న వెంటనే, మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండ కాగిన రాతి మెట్ల మీద మూడో ఎక్కుడు మొదలుపెట్టడం పెద్ద పొరపాటు. జనవరిలో గాలి చల్లగానే అనిపిస్తుంది గాని, పొద్దుటి నుంచి కాగిన బండ వేడి కిందినుంచి ముఖానికి కొడుతుంది.

రెండోది, నేను క్షమించలేకపోయినది, నీళ్ళు. మనిషికో లీటరు సీసా ఇచ్చారు; అది పేరు లేని గుట్ట మీదే అయిపోయింది. పెద్ద క్యాన్లు వ్యానులో ఉన్నాయని తెలుసు కనుక సీసాలు నింపారనే అందరం అనుకున్నాం. సగం దూరం ఎక్కాక చూస్తే పదకొండు మందిలో నలుగురి దగ్గరే నీళ్ళున్నాయి. ఒంగోలు నుంచి వచ్చిన ఒకావిడకు పిక్కలు పట్టేసి, కళ్ళు తిరిగి, మెట్టు మీదే కూలబడ్డారు. పెద్దాయన ఆమెను కోట గోడ నీడకు చేర్చి, మడమ పట్టుకుని పాదాన్ని మోకాలి వైపు వంచి పిక్క సాగదీయించి, ఉన్న నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి గుక్కగుక్కగా పట్టించాడు. ఒక కుర్రవాడు కిందికి పరిగెత్తి క్యాను మోసుకొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ తేరుకున్నారు, నడిచే దిగారు. ఇటువంటి నడకకు మనిషికి రోజుకు మూడు లీటర్లకు తగ్గకుండా నీళ్ళుండాలి. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చొప్పున కలిపిన సీసా ఒకటి వేరుగా ఉండాలి. ఇది తెలియని విషయం కాదు, పట్టించుకోకపోవడమే. నిర్వాహకుడు సాకులు చెప్పకుండా, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు కనుక నా కోపం కొంత తగ్గింది.

మూడోది, ప్రకటనలో "ఉదయగిరి దుర్గం" అని రాసి మొదటి బురుజు దగ్గరి నుంచే వెనక్కి తిప్పడం. ఉదయగిరి కొండ సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. పైన నిటారు రాతి చరియలు, కోట గోడలు, పాత మసీదు, గుళ్ళ శిథిలాలు ఉన్నాయి. పొద్దున్నే మొదలుపెట్టి రోజంతా కేటాయించవలసిన కొండను మధ్యాహ్నపు చిన్న నడకల్లో చేర్చడం ఆ కొండకూ న్యాయం కాదు, వచ్చినవాళ్ళకూ న్యాయం కాదు. పైగా ఆ కుర్రవాళ్ళు చెప్పిన చరిత్ర కూడా సరిగా లేదు. కృష్ణదేవరాయలు నెల రోజుల్లో కోట పట్టుకున్నాడని చెప్పారు. రాయలు 1513లో ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను ముట్టడించి, దాదాపు ఏడాదిన్నర పోరాడితే గాని 1514లో అది లొంగలేదు. పైకి పోవడానికి ఒక్కొక్క మనిషి మాత్రమే పట్టే ఇరుకు దారి తప్ప ఇంకోటి లేకపోతే, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు దారి వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. ఇక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడి విగ్రహాన్నే రాయలు తన రాజధాని విజయనగరంలో (నేటి హంపిలో) గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. కాళ్ళు నొప్పెడుతూ ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు ఈ సంగతులు చెప్పి ఉంటే, తాము కూర్చున్న రాయి విలువ తెలిసేది. చివరికి నేనే చెప్పాను. చుట్టూ చేరి విన్నారు.

వీటన్నిటి ఫలితంగా భైరవకోన జారిపోయింది. ఒకే కొండ చరియలో తొలిచిన ఎనిమిది శివాలయాలను చూడాలని మా వాడు నెల రోజులుగా ఎదురుచూశాడు. ఆరు గంటలకే పొద్దు కూకే రోజుల్లో అక్కడికి చీకటిపడ్డాక చేరి ప్రయోజనం లేదని మానేశారు. ఆ నిర్ణయం సరైనదే. అయితే దానికి తగ్గ డబ్బు వాళ్ళంతట వాళ్ళే వెనక్కి ఇవ్వవలసింది. అడిగాక మనిషికి 200 రూపాయలు ఇచ్చారు. ఆ ఖాళీ అయిన సమయంలో ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చేసే ఒక ఇంటికి తీసుకుపోయారు. భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. బిక్కి కర్రతో చేసిన చెంచా ఒకటి కొన్నాను. దాని పిడి చివర చెక్కిన పువ్వు నా చిటికెన వేలి గోరంత ఉంది, రేకులు ఐదూ విడివిడిగా లెక్కపెట్టవచ్చు.

వెళ్ళదలచినవారికి నా మాట ఇది. యాభై దాటినవారు కూడా మోకాళ్ళు మరీ ఇబ్బంది పెట్టకపోతే మొదటి రెండు గుట్టలూ నిశ్చింతగా ఎక్కవచ్చు. దిగేటప్పుడే మోకాళ్ళ మీద బరువు ఎక్కువ పడుతుంది కనుక వాళ్ళిచ్చే వెదురు కర్రను వద్దనకండి. అరికాలికి గాట్లున్న బూట్లు వేసుకోండి. చీర, వదులు చుడీదారు మాని మడమల దగ్గర బిగుతుగా ఉండే బట్టలు కట్టుకోండి. ఉత్తరేణి గింజలు, గడ్డి ముళ్ళు నా చున్నీకి పట్టుకుని ఇంటికొచ్చాక గంటసేపు ఏరవలసి వచ్చింది. పదేళ్ళలోపు పిల్లలను ఈ నడకకు తీసుకురావద్దు. ఉదయగిరిని మాత్రం ఈ కార్యక్రమం నుంచి తీసేయమని గట్టిగా అడగండి. పెద్దాయన ఆ రోజు వస్తున్నాడో లేడో కనుక్కున్నాకే డబ్బు కట్టండి, ఎందుకంటే వేరే మనిషి వస్తే ఆ బండ చప్పుడూ, ఆ దొనా మీకు దక్కకపోవచ్చు.

మాఘ మాసంలో మా చెల్లెలిని వెంటబెట్టుకుని మళ్ళీ పోతున్నాను. ఈసారి నరసింహకొండ, ఆ పేరు లేని గుట్ట, రెండే చాలని ముందే మాట్లాడుకున్నాను. 900 రూపాయలకు ఒప్పుకున్నారు. నీళ్ళ సంగతి అడిగితే, గుట్ట కింద ప్రతి ఒక్కరి సంచిలోనూ రెండు లీటర్లు నింపి, పెద్దాయన తన చేత్తో తూకం చూశాకే ఎక్కడం మొదలుపెడతామని నిర్వాహకుడు చెప్పాడు.